వారెంట్ లేకుండా పోలీసులు ఇంట్లోకి రావచ్చా, సోదా చేయవచ్చా, మనిషిని తీసుకెళ్ళవచ్చా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైన సంగతి ఇది. కావలి దగ్గర రొయ్యల గుంటల మీద ఉన్న షెడ్డులోంచి ఏరియేటర్ (గుంట నీళ్ళలో గాలి కలిపే యంత్రం) మోటార్లు పోయాయి. అక్కడ కొన్నాళ్ళు కాపలా పని చేసి మానేసిన మీ తమ్ముడి మీద యజమానికి అనుమానం వచ్చింది. రాత్రి పదకొండు గంటలప్పుడు ఇద్దరు కానిస్టేబుళ్ళు మీ ఇంటికి వచ్చారు. అతను ఇంట్లో లేడని చెప్పినా లోపలికి వచ్చి గదులు చూశారు, బీరువా తెరిపించి సొరుగులు వెతికారు, అతను వాడే ఫోను తీసుకుని వెళ్ళిపోయారు. కాగితం ఏదీ ఇవ్వలేదు. తెల్లవారాక అతన్నీ, అరవై నాలుగేళ్ళ మీ అమ్మగారినీ స్టేషనుకు రమ్మని కబురు పెట్టారు. వారెంట్ లేకుండా ఇదంతా చేసే హక్కు వాళ్ళకుందా అన్నది మీ ప్రశ్న.

ముందు సూటిగా జవాబు చెబుతాను. దొంగతనం లాంటి కేసులో ఇంట్లోకి రావడానికి గానీ, సోదాకు గానీ, అరెస్టుకు గానీ వారెంట్ ఉండి తీరాలన్న నియమం లేదు. అయితే వారెంట్ లేని ప్రతి చోటా దానికి బదులుగా ఒక రాత ఉండాలని చట్టం అడుగుతుంది. సోదాకు రాసిన కారణం ఉండాలి, తీసుకెళ్ళిన వస్తువుకు రాసిన జాబితా ఉండాలి, మనిషిని పిలవడానికి రాసిన నోటీసు ఉండాలి. మీ విషయంలో వాళ్ళు లోపలికి రావడాన్ని సమర్థించుకోగలరు. బీరువా వెతికిన తీరు, ఫోను తీసుకెళ్ళిన తీరు, మీరు చెప్పినట్టే జరిగి ఉంటే, చట్టానికి నిలవవు. మీ అమ్మగారిని స్టేషనుకు రమ్మనడం మాత్రం నేరుగా చట్టం వద్దన్న పని.

నేను ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో ఎస్‌ఐగానూ, తర్వాత సీఐగానూ పనిచేసి రిటైరైనవాణ్ణి. సోదాలు చేసినవాణ్ణి, వాటి గురించి కోర్టు బోనులో నిలబడి డిఫెన్సు వకీళ్ళకు జవాబులు చెప్పినవాణ్ణి కూడా. అందుకే చట్టంలో ఉన్నదానితో పాటు స్టేషనులో అది ఎలా నడుస్తుందో కూడా కలిపి రాస్తున్నాను. 2024 జూలై 1 నుంచి, దర్యాప్తు, కోర్టు పద్ధతులు చెప్పే సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, నేరాలూ శిక్షలూ చెప్పే ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాయి కాబట్టి కొత్త సెక్షన్ల నంబర్లే ఇస్తాను. చట్టం పేరు చెప్పకుండా నంబరు ఇస్తే అది సురక్షా సంహితలోది. స్టేషన్లలోనూ కోర్టు వరండాల్లోనూ ఇప్పటికీ పాత నంబర్లే వినిపిస్తాయి గనుక అవసరమైన చోట అవీ చెబుతాను.

మొదట తేల్చుకోవలసింది నేరం ఏ రకమైనదన్నది. వారెంట్ లేకుండా అరెస్టు చేయగల నేరాలను కాగ్నిజబుల్ నేరాలంటారు. మామూలు తిట్లు, చిన్న తోపులాట లాంటివి నాన్ కాగ్నిజబుల్. వాటిలో మెజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా దర్యాప్తే మొదలుపెట్టకూడదు, ఉత్తర్వు వచ్చినా వారెంట్ లేకుండా అరెస్టు చేయకూడదు. ఇది 174వ సెక్షన్. దొంగతనం సాధారణంగా కాగ్నిజబులే. కొత్త చట్టంలో ఒక మార్పు వచ్చింది, దీన్ని మా వాళ్ళలోనే చాలామంది గమనించలేదు. పోయిన సొత్తు విలువ ఐదు వేల రూపాయల లోపు ఉంటే ఆ దొంగతనం ఇప్పుడు నాన్ కాగ్నిజబుల్, బెయిలబుల్ కూడా. ఏరియేటర్ మోటార్ల విలువ అంతకు చాలా ఎక్కువ కాబట్టి మీకు ఇది వర్తించదు. కానీ కోడిపిల్లలు పోయాయనీ సైకిలు పోయిందనీ మనుషుల్ని రాత్రిళ్ళు స్టేషన్లో కూర్చోబెట్టే చోట ఇది అక్కరకొస్తుంది.

ఇంట్లోకి రావడం సంగతి చూద్దాం. అరెస్టు చేసే అధికారం ఉన్న పోలీసు, ఆ మనిషి ఫలానా ఇంట్లో ఉన్నాడని నమ్మడానికి కారణం ఉంటే లోపలికి వెళ్ళి వెతకవచ్చునని 44వ సెక్షన్ చెబుతుంది. అడిగినప్పుడు ఇంటివాళ్ళు దారి ఇవ్వాలి. తామెవరో, ఎందుకొచ్చారో చెప్పి, తలుపు తీయమని అడిగి, అప్పటికీ తీయకపోతే పగలగొట్టి వెళ్ళే అధికారం కూడా అందులో ఉంది. రాత్రిపూట రాకూడదన్న నిషేధం ఈ సెక్షన్‌లో లేదు. ఆ ఇల్లు మీ తమ్ముడిదే కావలసిన అవసరం కూడా లేదు, మేనమామ ఇంట్లో ఉన్నాడని నమ్మితే అక్కడికీ వెళ్ళవచ్చు. కానీ ఈ అధికారం మనిషిని వెతకడానికి మాత్రమే. మనిషి పట్టే చోటల్లా చూడవచ్చు, గదులూ మేడా అటకా మంచం కిందా అన్నీ. బట్టల బీరువా తలుపు తీసి చూశారంటే కూడా వాదించుకోవచ్చు గానీ, బీరువాలోని లాకరు సొరుగులో ఇరవై ఏళ్ళ కుర్రాడు దాక్కోడు కదా. అది వస్తువుల కోసం చేసిన సోదా, దానికి వేరే సెక్షన్ ఉంది, వేరే షరతులున్నాయి.

మరో మాట. ఎస్‌ఐ తాను రాకుండా కింది ఉద్యోగిని అరెస్టుకు పంపితే, ఎవరిని, ఏ నేరానికి పట్టుకోవాలో రాసి ఇవ్వాలి. అరెస్టు కాబోయే మనిషి అడిగితే ఆ కాగితం చూపాలి. ఇది 55వ సెక్షన్. వచ్చిన కానిస్టేబుళ్ళ దగ్గర అలాంటిది ఉందో లేదో మీరు అడగలేదు, ఆ సమయంలో అడగాలని ఎవరికీ తోచదు కూడా. తర్వాత వేసే అర్జీలో అడగవచ్చు.

ఇక వస్తువుల సోదా 185వ సెక్షన్, పాత 165. మీ ప్రశ్నకు ఆయువుపట్టు ఇదే కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను. మామూలుగా సోదా కావాలంటే 96వ సెక్షన్ కింద మెజిస్ట్రేటు దగ్గర వారెంట్ తెచ్చుకోవాలి. అంత ఆలస్యం చేస్తే వస్తువు చేయి దాటిపోతుందనుకున్నప్పుడు, స్టేషన్ ఇన్‌ఛార్జి అధికారి గానీ ఆ కేసు దర్యాప్తు చేస్తున్న అధికారి గానీ వారెంట్ లేకుండానే వెళ్ళవచ్చు. వెళ్ళే ముందు ఆయన చేయవలసిన పని ఒకటుంది: ఆ వస్తువు అక్కడ ఉందని తాను ఎందుకు నమ్ముతున్నాడో, ఏ వస్తువు కోసం వెతకబోతున్నాడో కేసు డైరీలో రాయాలి. వీలైనంత వరకు తానే స్వయంగా సోదా చేయాలి. తాను వెళ్ళలేకపోతే, ఎందుకు వెళ్ళలేకపోతున్నాడో రాసి, ఏ ఇల్లు, ఏ వస్తువు అన్నది స్పష్టంగా పేర్కొంటూ కింది అధికారికి రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వాలి. ఆ రాతల నకళ్ళను వెంటనే, ఎట్టి పరిస్థితుల్లోనూ 48 గంటలు దాటకుండా దగ్గర్లోని మెజిస్ట్రేటుకు పంపాలి. ఈ 48 గంటల గడువు కొత్త చట్టం పెట్టింది, పాతదాంట్లో వెంటనే అని మాత్రమే ఉండేది.

ఇది ఆచరణలో ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ చెబుతాను. ఒకసారి సింగరాయకొండ వైపు తీరప్రాంతంలో మోటార్ల దొంగతనం కేసులోనే సోదాకు వెళ్ళాం. బయలుదేరే ముందు జీపు బానెట్ మీద తెల్లకాగితం పెట్టి రాయించాను. ఫలానా కంపెనీ రెండు హార్స్‌పవర్ మోటారు, బాడీ మీద యజమాని పచ్చరంగుతో వేసిన అంకె, ఫలానా ఇంటి వెనక కొట్టంలో ఉందని విశ్వసనీయ సమాచారం, వారెంట్ కోసం కోర్టుకు వెళ్ళి వచ్చేలోగా రాగి తీగ కోసం విప్పేసే అవకాశం ఉంది, అని. స్టేషన్లో కాగితాలు రాసే రైటరు విసుక్కున్నాడు, వచ్చాక రాసుకుందాం సార్ అన్నాడు. తర్వాత విచారణలో డిఫెన్సు వకీలు నన్ను చాలాసేపు అడిగినది ఆ అరపేజీ మీదే. ఎన్ని గంటలకు రాశారు, ఎవరి చేతిరాత, కోర్టుకు ఏ రోజు చేరింది అని. కోర్టు ముద్ర మీద తేదీ ఉండబట్టి ఆయన ముందుకు పోలేకపోయాడు. వచ్చాక తీరిగ్గా రాసిన కాగితమైతే ఆ ప్రశ్నలకు నిలబడేది కాదు.

దీన్నుంచి మీకు పనికొచ్చేది ఏమిటంటే, ఆ రికార్డు నకలు అడిగే హక్కు ఇంటివాళ్ళకు ఉంది. మీరు దరఖాస్తు చేస్తే మెజిస్ట్రేటు ఆ నకలును ఉచితంగా ఇవ్వాలని 185వ సెక్షన్‌లోనే ఉంది. ఈ దరఖాస్తు వేసేవాళ్ళు అరుదు. వేసి చూడండి. రికార్డు వస్తే అందులో కానిస్టేబుళ్ళకు ఉత్తర్వు ఉందో లేదో, బీరువా గురించి ఏం రాశారో తెలుస్తుంది. రికార్డే లేదని కోర్టు కార్యాలయం చెబితే, 48 గంటల్లో ఏదీ పంపలేదనడానికి అదే మీ చేతిలో సాక్ష్యం అవుతుంది.

సోదా జరిగే తీరుకు 103వ సెక్షన్ ఉంది. ఆ ప్రాంతంలో ఉండే కనీసం ఇద్దరు స్వతంత్రులైన, గౌరవనీయులైన మనుషుల్ని పిలిచి వాళ్ళ ఎదుట సోదా చేయాలి. మన దగ్గర వీళ్ళను మధ్యవర్తులంటారు, రాసే కాగితాన్ని మధ్యవర్తుల రిపోర్టు అంటారు. ఎక్కువగా వీఆర్వోను, ఆయన వెంట వచ్చినవాణ్ణి తీసుకెళ్తాం, ఎందుకంటే పక్కింటివాళ్ళు సాక్ష్యానికి రమ్మంటే తలుపులేసుకుంటారు. నిజానికి రాతపూర్వకంగా పిలిచినా సరైన కారణం లేకుండా నిరాకరించడం నేరమే, కానీ పక్కింటివాడి మీద కేసు పెట్టిన ఎస్‌ఐని నేను చూడలేదు. ఇంటి యజమానిని గానీ ఆయన తరఫు మనిషిని గానీ సోదా జరుగుతున్నంతసేపూ దగ్గర ఉండనివ్వాలి. పట్టుకున్న ప్రతి వస్తువునూ ఎక్కడ దొరికిందో సహా జాబితా రాసి, మధ్యవర్తుల సంతకాలతో నకలు ఇంటివాళ్ళకు ఇవ్వాలి. ఆడవాళ్ళ ఒంటి మీద వెతకాలంటే ఆడమనిషే, మర్యాదకు భంగం లేకుండా వెతకాలి.

జాబితా నకలు విలువ తెలిసిన మనిషిని ఒంగోలులో చూశాను. ఆయన నగల వ్యాపారి, దొంగ సొత్తు కొన్నాడని అనుమానం. సోదాలో గొలుసు దొరికింది. మా హెడ్ కానిస్టేబుల్ 'పసుపు రంగు లోహపు గొలుసు ఒకటి' అని రాయబోతే ఆయన ఒప్పుకోలేదు. తన త్రాసు ముందుకు జరిపి, తూచి గ్రాములు, మిల్లీగ్రాములు వేయండి, కొక్కెం దగ్గర నొక్కు ఉందని రాయండి, అప్పుడు సంతకం పెడతానన్నాడు. గొడవపడలేదు, గొంతు పెంచలేదు, అక్కడే నిలబడ్డాడు. కేసు నడిచినంతకాలం ఆ గొలుసు బరువు గురించి ఎవరికీ అనుమానం రాలేదు. పోలీసులకు కూడా అది మేలే చేసింది, తర్వాత సొత్తు తగ్గిందనే మాట పడకుండా.

కొత్త చట్టం తెచ్చిన పెద్ద మార్పు 105వ సెక్షన్. సోదా మొత్తాన్ని, జాబితా రాయడం, సాక్షుల సంతకాలు పెట్టడం సహా వీడియో తీయాలి, మొబైల్ ఫోనుతో తీసినా సరే. దాన్ని ఆలస్యం లేకుండా మెజిస్ట్రేటుకు పంపాలి. ఇందుకోసం ఈ-సాక్ష్య అనే యాప్ కూడా వచ్చింది. మీ ఇంట్లో వీడియో తీసినట్టు మీరు రాయలేదు. తీయకపోతే అదే మీ అర్జీలో మొదటి వాక్యం కావాలి.

ఫోను విషయం. దొంగ సొత్తని గానీ నేరానికి సంబంధం ఉందని గానీ అనుమానం కలిగించే పరిస్థితుల్లో దొరికిన వస్తువును ఏ పోలీసు అధికారి అయినా స్వాధీనం చేసుకోవచ్చునని 106వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి ఫోను తీసుకోవడమే తప్పు అనలేం. స్వాధీనం చేసుకున్న కింది ఉద్యోగి వెంటనే స్టేషన్ అధికారికి తెలపాలి, ఆ స్వాధీనాన్ని వెంటనే మెజిస్ట్రేటుకు నివేదించాలి. రసీదు లేకుండా జేబులో వేసుకెళ్ళడం స్వాధీనం అనిపించుకోదు. పాస్‌వర్డ్ చెప్పమన్నారని మీరు రాయలేదు, కానీ అడుగుతారు. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం ఇవ్వమని ఎవరినీ బలవంతం చేయకూడదని రాజ్యాంగం 20(3) అధికరణం చెబుతుంది. పాస్‌వర్డ్ దాని కిందికి వస్తుందా అన్న విషయంలో కోర్టులన్నీ ఒకే మాట మీద లేవు. వకీలుతో మాట్లాడకుండా మీ తమ్ముడు ఆ నిర్ణయం తీసుకోకపోవడం మంచిది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటి చెప్పాలి. సోదా పద్ధతి ప్రకారం జరగలేదు కాబట్టి దొరికిన వస్తువు కేసులో పనికిరాదనుకుంటారు. మన దేశంలో అలా లేదు. సోదాలో లోపం ఉన్నా దొరికిన వస్తువు కేసుకు సంబంధించినదైతే దాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చునని సుప్రీంకోర్టు 1973లో పూరన్ మల్ కేసులో చెప్పింది, ఆ దారి ఇప్పటికీ మారలేదు. లోపం వల్ల ఆ సాక్ష్యం బరువు తగ్గవచ్చు, మధ్యవర్తుల మాట మీద అనుమానం రావచ్చు, అధికారి మీద చర్యకు దారి తీయవచ్చు. వస్తువు మాయం కాదు. అందుకే అక్రమ సోదాను తలుపు దగ్గర ఆపే ప్రయత్నం మీకు లాభం తేకపోగా నష్టం తెస్తుంది. అడ్డుకుంటే న్యాయ సంహిత 221, చేయి తగిలితే 132 సెక్షన్ల కింద కొత్త కేసు పుడుతుంది, పాత భాషలో 186, 353. పోలీసు తన హోదాలో సదుద్దేశంతో చేసిన పని చట్టం ప్రకారం పూర్తిగా సరైనది కాకపోయినా, ప్రాణానికో పెద్ద గాయానికో భయం లేనంతవరకు దాని మీద ఆత్మరక్షణ హక్కు ఉండదని న్యాయ సంహిత 37వ సెక్షన్ చెబుతుంది. అభ్యంతరం నోటితో చెప్పండి, సాక్షుల ముందు చెప్పండి, జాబితా మీద సంతకం పెట్టేటప్పుడు దాని పక్కన రాయండి. కాళ్ళూ చేతులూ అడ్డం పెట్టకండి.

రేపో మాపో జరగబోయే ఇంకో రకం కూడా తెలుసుకోండి. మీ తమ్ముణ్ణి అదుపులోకి తీసుకుని, అతను చెప్పాడంటూ ఏదో ఒక చోటికి తీసుకెళ్ళి మోటారు బయటికి తీయిస్తే, అది 185 కింద సోదా కాదు. సాక్ష్య అధినియమం (పాత సాక్ష్య చట్టం స్థానంలో వచ్చినది) 23వ సెక్షన్ కింద, పాత 27, అతని మాట వల్ల బయటపడిన వస్తువు వరకు ఆ మాట సాక్ష్యమవుతుంది. పోలీసుల ముందు చేసిన మిగతా ఒప్పుకోలు ఏదీ పనికిరాదు. దొంగతనం కేసుల్లో శిక్షలు పడేది చాలావరకు ఈ రికవరీ మీదే. రాసినదంతా చదవకుండా తెల్లకాగితం మీద సంతకం పెట్టవద్దని అతనికి గట్టిగా చెప్పండి.

అరెస్టు సంగతికి వస్తే, షెడ్డులోంచి జరిగిన దొంగతనానికి న్యాయ సంహిత 305 వేస్తారు, గరిష్ఠంగా ఏడేళ్ళు. మామూలు దొంగతనం 303(2) అయితే మూడేళ్ళు. రెండూ ఏడేళ్ళ పరిధిలోవే కాబట్టి సురక్షా సంహిత 35వ సెక్షన్ ప్రకారం అనుమానం ఒక్కటే అరెస్టుకు చాలదు. పారిపోతాడనో, సాక్ష్యాన్ని చెరుపుతాడనో, సాక్షుల్ని బెదిరిస్తాడనో, మళ్ళీ నేరం చేస్తాడనో, సరైన దర్యాప్తుకు అవసరమనో, కారణం ఏదో రాయాలి. అరెస్టు అక్కర్లేదనుకుంటే 35(3) కింద హాజరు కమ్మని నోటీసు ఇవ్వాలి. జనం ఇప్పటికీ 41ఏ నోటీసు అనే అంటారు. 2014లో అర్నేష్ కుమార్ తీర్పు ఈ పద్ధతిని గట్టిపరిచింది, కారణాలు రాయని పోలీసు మీదే కాక, చూడకుండా రిమాండు ఇచ్చిన మెజిస్ట్రేటు మీద కూడా శాఖాపరమైన చర్య ఉంటుందని చెప్పింది. ఈ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మీకు పంపినట్టు నోటి కబురైతే అసలే కాదు.

నోటీసు వస్తే మాత్రం తప్పించుకోకండి. పిలిచిన రోజు వెళ్ళి హాజరై, నోటీసు నకలు మీద వచ్చిన సమయం రాయించుకోవాలి. హాజరవుతున్నంతకాలం అరెస్టు చేయకూడదు, చేయాలంటే కారణాలు రాయాలి. హాజరు కాకపోతే ఆ ఒక్క కారణమే అరెస్టుకు దారి ఇస్తుంది. మీ తమ్ముడు ఇప్పుడు ఊళ్ళో లేకుండా ఉన్నాడని మీ మాటల్ని బట్టి అనిపించింది. రోజులు గడిచేకొద్దీ 'పరారీలో ఉన్నాడు' అన్న వాక్యం కేసు డైరీలో బలపడుతుంది.

అరెస్టే చేస్తే ఇంటివాళ్ళు గమనించవలసినవి ఇవి. అరెస్టు మెమో మీద కుటుంబ సభ్యుడో ఊళ్ళో పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి, అరెస్టయిన మనిషి సంతకం కూడా ఉండాలి. 1996 నాటి డి.కె. బసు తీర్పులోని షరతులే ఇప్పుడు 36వ సెక్షన్‌గా ఉన్నాయి. అరెస్టు కారణాలను అతనికి అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలి. 2025 నవంబరులో మిహిర్ రాజేష్ షా కేసులో సుప్రీంకోర్టు ఇది అన్ని నేరాలకూ వర్తిస్తుందనీ, అప్పటికప్పుడు ఇవ్వలేని పరిస్థితి ఉంటే రిమాండుకు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందైనా ఇవ్వాలనీ చెప్పింది. డాక్టరు పరీక్ష తప్పనిసరి. విచారణ మధ్యలో వకీలును కలిసే హక్కు ఉంది, అయితే విచారణ జరిగినంతసేపూ పక్కన కూర్చోనివ్వరు. ప్రయాణ సమయం తీసేసి 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి.

ఈ 24 గంటల లెక్కలోనే అసలు తగాదా వస్తుంది. చట్టం దృష్టిలో మనిషి స్వేచ్ఛ పోయిన క్షణం నుంచే అరెస్టు, కాగితం మీద వేసిన సమయం నుంచి కాదు. స్టేషన్లో మాత్రం 'విచారణకు కూర్చోబెట్టాం' అనే మూడో స్థితి ఒకటి నడుస్తూ ఉంటుంది. నేను పనిచేసిన రోజుల్లో ఒక స్టేషన్లో కుర్రాణ్ణి తీసుకొచ్చిన రాత్రే అతని తల్లి ఫోను చేసి, మా అబ్బాయిని ఇన్నింటికి తీసుకెళ్ళారు, ఎక్కడున్నాడో చెప్పండి అని అడిగింది. అరెస్టు మెమోలో మర్నాటి సాయంత్రం సమయం వేశారు. రిమాండు సమయంలో వకీలు ఆ కాల్ వివరం మెజిస్ట్రేటు ముందు పెట్టేసరికి సమాధానం లేకపోయింది. ఇప్పుడు 112కు చేసిన కాల్ సమయంతో సహా నమోదవుతుంది. మనిషిని తీసుకెళ్ళగానే 112కు ఫోను చేసి స్టేషను పేరు, సమయం చెప్పండి, ఎస్పీ గారికి మెసేజ్ కూడా పెట్టండి. స్టేషన్లలో సీసీ కెమెరాలు ఉండాలని 2020లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది కాబట్టి ఫుటేజీ భద్రపరచమని కూడా వెంటనే అర్జీ పెట్టవచ్చు.

మీ అమ్మగారి విషయం. సాక్షిగా విచారించాలంటే ఆడవాళ్ళను ఏ వయసులోనైనా వాళ్ళ ఇంటికి వచ్చే విచారించాలి. పదిహేనేళ్ళ లోపు, అరవై ఏళ్ళు పైబడిన మగవాళ్ళకు, వికలాంగులకు, తీవ్రమైన జబ్బులో ఉన్నవాళ్ళకు కూడా ఇదే వర్తిస్తుంది. ఇది 179వ సెక్షన్, పాత 160. అంతేకాదు, చట్టం వద్దన్న చోటికి మనిషిని రమ్మని తెలిసి ఒత్తిడి చేసిన ప్రభుత్వోద్యోగికి న్యాయ సంహిత 199 కింద ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ళ వరకు కఠిన శిక్ష ఉంది. అయితే కొత్త చట్టంలో ఒక సందు పెట్టారు: ఆమె తనంతట తాను రావడానికి ఇష్టపడితే రానివ్వవచ్చు. కబురందుకుని ఆవిడ ఆటో ఎక్కి స్టేషనుకు వెళితే, ఇష్టపూర్వకంగానే వచ్చిందని రాసుకోవడానికి ఎవరికీ కష్టం ఉండదు. కాబట్టి వెళ్ళవద్దు. ఇంటి దగ్గర అందుబాటులో ఉంటారని రాసి పంపండి. తమ్ముడు లొంగిపోవడానికి తల్లిని కూర్చోబెట్టడం పాత అలవాటు, డిపార్టుమెంటులో చాలామందికి అది తప్పనిపించదు కూడా, కానీ దానికి చట్టంలో ఏ ఆధారమూ లేదు. సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను, ఆడవాళ్ళను అరెస్టు చేయాలంటే సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం వరకు చేయకూడదు. అసాధారణ పరిస్థితి అయితే మహిళా అధికారి రాతపూర్వకంగా నివేదించి మెజిస్ట్రేటు ముందస్తు అనుమతి తీసుకోవాలి.

ఇవన్నీ మామూలు కేసుల నియమాలు. గంజాయి కేసుల్లో లెక్క వేరు. విశాఖ ఏజెన్సీ నుంచి చెన్నై వైపు సరుకు మన జాతీయ రహదారి మీదుగానే పోతుంది కాబట్టి ఈ రెండు జిల్లాల్లోనూ ఆ సోదాలు ఎక్కువ. వాటికి వర్తించే మత్తుపదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద ఇంట్లో వారెంట్ లేని సోదా కానిస్టేబుల్ స్థాయి మనిషి చేయకూడదు, రాత్రిపూట అయితే వారెంట్ తెచ్చేలోగా సరుకు దాటిపోతుందని నమ్మడానికి కారణాలు రాయాలి, ఒంటి మీద వెతికే ముందు గెజిటెడ్ అధికారి లేదా మెజిస్ట్రేటు ఎదుట వెతకమనే హక్కుందని చెప్పాలి. మామూలు సోదాలో లోపాన్ని కోర్టులు చూసీచూడనట్టు పోతాయి గానీ ఇక్కడ 50వ సెక్షన్ తప్పితే ఒంటి మీద దొరికిన సరుకు సాక్ష్యంగా నిలవదు, 1999లో బల్దేవ్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పిన మాట అది.

తెల్లవారుజామున కాలనీ చుట్టుముట్టి చేసే కార్డన్ సెర్చ్ గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు. రోడ్డు మీద బండి కాగితాలు అడగవచ్చు. కానీ 185వ సెక్షన్ దర్యాప్తులో ఉన్న కేసుకు సంబంధించిన వస్తువు కోసం పెట్టినది. కేసే లేకుండా వరసగా ఇళ్ళలోకి వెళ్ళి సామాన్లు చూడటానికి అందులో అధికారం నాకు కనిపించదు. రౌడీషీటు ఉన్నవాళ్ళ ఇళ్ళకు రాత్రిళ్ళు వెళ్ళి తలుపు కొట్టడం కూడా అంతే. ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అలాంటి రాత్రి సందర్శనలను 1962లోనే కొట్టివేసింది.

ఇప్పుడు మీరు చేయవలసింది. నాన్‌బెయిలబుల్ సెక్షన్ పడిందో లేదో ఎఫ్‌ఐఆర్ నకలు చూసి తెలుసుకోండి. ఏపీ పోలీసు వెబ్‌సైట్లో దొరకకపోతే కోర్టు నుంచి తీయవచ్చు. అరెస్టు భయం ఉంటే 482 కింద ముందస్తు బెయిలుకు నెల్లూరు సెషన్స్ కోర్టుకు వెళ్ళండి, ఖర్చు భరించలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు, 15100కు ఫోను చేస్తే వకీలును ఇస్తారు. ఆ రాత్రి వచ్చిన సమయం, వచ్చినవారి పేరు పలకల మీద పేర్లు గుర్తుంటే అవి, ఫోను వివరం, వీడియో తీయలేదన్న సంగతి, జాబితా ఇవ్వలేదన్న సంగతి, అమ్మగారిని పిలిచిన సంగతి ఒకే పేజీలో రాసి డీఎస్పీకి రిజిస్టర్డు పోస్టులో పంపండి. ఒక నకలు సోమవారం ఎస్పీ కార్యాలయంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి. అందులో ఎవరినీ తిట్టవద్దు, తేదీలూ గంటలూ మాత్రమే రాయండి. తిట్లున్న అర్జీని పక్కన పెట్టడం పై అధికారికి చాలా తేలిక.

ఫోను తిరిగి తెచ్చుకోవడానికి 503 కింద మెజిస్ట్రేటు కోర్టులో పిటిషన్ వేయవచ్చు. స్వాధీనం చేసుకున్నట్టు పోలీసులు కోర్టుకు తెలిపారో లేదో ఆ పిటిషన్‌కు వాళ్ళిచ్చే కౌంటరులోనే బయటపడుతుంది. కొన్న బిల్లు, పెట్టె మీద ఉండే ఐఎంఈఐ నంబరు వెతికి దగ్గర పెట్టుకోండి, కోర్టు మొదట అడిగేది అదే. పెట్టె పారేసి ఉంటే, కొన్న షాపువాళ్ళ దగ్గర నంబరు దొరుకుతుందేమో రేపే కనుక్కోండి.